ఎకరం రేటు తక్కువే, మరి దారి ఎవరిది?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, మావారికి 47. ఇద్దరం ఉద్యోగస్తులం. ఊరికి దూరంగా 5 ఎకరాల పొలం అమ్మకానికి వచ్చింది. చుట్టుపక్కల రేటు కంటే మూడో వంతు తక్కువకే ఇస్తామంటున్నారు. రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది, పక్క పొలంలోంచి బండి దారి ఉంది. రిటైరయ్యాక అక్కడ చిన్న ఇల్లు కట్టుకుని చెట్లు పెంచుకోవాలని మా ఇద్దరి కోరిక. పొదుపులో నూటికి 70 వంతులు పెట్టి, మిగతాది లోన్ తీసుకుంటే సరిపోతుంది. మూడేళ్లలో పిల్లల కాలేజీ చదువులు మొదలవుతాయి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఈ రేటుకి దొరకదని అమ్మేవాళ్లు తొందరపెడుతున్నారు. కొనమంటారా?

జవాబు: మీరు చెప్పిన లెక్క ప్రకారమైతే వద్దు. పొలం కొనాలన్న కోరికకి నేను అడ్డు చెప్పడం లేదు. ఆ చెట్ల నీడ మీకు దక్కాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఈ పొలాన్ని, ఈ లోన్‌తో, ఇప్పుడు కొంటే మూడేళ్ల తర్వాత ఫీజులు కట్టాల్సిన రోజున మీ చేతులు కట్టేసినట్టవుతుంది.

కొన్నాక మీ దగ్గర మిగిలేది నూటికి 30 వంతులు. అందులోంచే రిజిస్ట్రేషన్ ఖర్చులు, సర్వే, కంచె. ఆపైన నెలనెలా వాయిదా. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైనా ఆ కాస్తే దిక్కు. మ్యూచువల్ ఫండ్లలో ఉన్న డబ్బయితే కావలసినంతే తీసుకోవచ్చు. పొలంలో ఒక సెమిస్టర్ ఫీజుకి సరిపడా ముక్క కోసి అమ్ముకోలేం. చాలా చోట్ల ఒక పరిమితి కంటే చిన్న ముక్కలుగా విడదీయకూడదన్న నిబంధన కూడా ఉంటుంది. పైగా ఖాళీ భూమికి లోన్ అంత తేలిగ్గా రాదు. ఇంటితో పోలిస్తే బ్యాంకులు సాధారణంగా తక్కువ మొత్తమే ఇస్తాయి, వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. మీకున్న ఈ ఇబ్బందే రేపు మీ దగ్గర కొనేవాళ్లకీ ఉంటుంది. అంటే చేతిలో నగదు ఉన్నవాళ్లే మీ పొలం కొనగలరు. అలాంటివాళ్లు కొద్దిమందే, పైగా మీ తొందర వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

రేటు పెరుగుతుంది కదా అంటారేమో. ఒక లెక్క చూడండి. 100 పెట్టి కొన్న భూమి ఏటా 5 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు సుమారు 163 అవుతుంది. పన్ను, కంచె మరమ్మతు, కలుపు తీయించడం, కాపలా కలిపి ఏటా 2 అనుకుంటే పదేళ్లకు 20. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు అయ్యే ఖర్చులు మరో 7 అనుకోండి. మిగిలేది 136. అంటే 5 శాతం అనుకున్నది దాదాపు 3 శాతానికి దిగింది. మీ లోన్ వడ్డీ అంతకంటే ఎక్కువైతే, అప్పు చేసి తెచ్చిన ప్రతి రూపాయి మీద మీరు నష్టపోతున్నట్టే. పొలం కౌలుకిస్తే కొంత వెనక్కి వస్తుంది, నిజమే. ఆ ఒప్పందం కాగితం మీద ఉండాలి, గడువు స్పష్టంగా ఉండాలి.

ఇక అసలు సంగతి, దారి. మీ ఉత్తరం చదవగానే నా కన్ను అక్కడే ఆగింది. "పక్క పొలంలోంచి బండి దారి ఉంది" అన్నారు. ఆ దారి ఎవరిది? పక్క రైతు మంచితనం కొద్దీ వెళ్లనిస్తున్నారా, లేక వెళ్లే హక్కు దస్తావేజులో రాసి ఉందా? మంచితనం మీద నడిచే దారి, ఆయన పొలం ఇంకొకరికి అమ్మిన రోజున మూసుకుపోవచ్చు. ఎప్పటి నుంచో వాడుకలో ఉందని కోర్టులో వాదించవచ్చు. కానీ ఆ వాదన తేలడానికి ఏళ్లు పడుతుంది, లాయరు ఫీజు మీరే భరించాలి. హక్కు రాసి ఉన్నా రెండు మాటలు చూడాలి: వెడల్పు ఎంత, దేనికోసం. బండి తోలుకోవడానికి మాత్రమే ఇచ్చిన దారిలో రేపు ఇటుకల లారీ పోనివ్వకపోవచ్చు, కరెంటు తీగ, నీటి పైపు వేయనివ్వకపోవచ్చు. మూడో వంతు తక్కువకి ఎందుకు వస్తోందంటే చాలావరకు ఇందుకేనని నా అభిప్రాయం. మీరు కొన్నా ఆ లోటు తీరదు. మీరు అమ్మేటప్పుడు కూడా అంతే తగ్గించి అడుగుతారు.

దారి తర్వాత నీళ్లు. బావో బోరో ఉందంటే, మోటార్ వేసి నీళ్లు ధారగా పడటం చూసి సంతోషపడి వచ్చేయొద్దు. మంచి ఎండాకాలంలో కొన్ని గంటలపాటు ఆపకుండా నడిపించండి. మొదలుపెట్టేముందు నీటిమట్టం ఎంత లోతున ఉంది, ఆపేసరికి ఎంత కిందికి దిగింది, మళ్లీ పైకి రావడానికి ఎంతసేపు పట్టింది, ఈ మూడూ రాసుకోవాలి. మట్టం తిరిగి రావడానికి మర్నాటి దాకా పడితే చెట్లకు నీళ్లు చాలకపోవచ్చు. ఆ నీళ్లనే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, తాగేది మీరే కదా. పొలం పక్కన కాలువో చెరువో ఉంటే, అందులోంచి నీళ్లు తోడుకునే హక్కు భూమితో పాటు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. కొన్ని దేశాల్లో ఒడ్డున భూమి ఉంటే ఆ హక్కు ఉంటుంది, కొన్ని చోట్ల ముందు నుంచి వాడుకుంటున్నవాళ్లదే మొదటి హక్కు.

ఇల్లు కట్టడానికి అనుమతి వస్తుందో లేదో స్థానిక కార్యాలయంలో మీరే వెళ్లి అడగండి. అమ్మేవాళ్ల మాట చాలదు. సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే చాలా చోట్ల వినియోగం మార్పించుకోవాలి, దానికి ఫీజు, కొన్నిచోట్ల పాత పన్ను రాయితీ వెనక్కి కట్టాల్సి రావడం కూడా ఉంటుంది. అసలు సాగుభూమి కొనే అర్హత మీకు ఉందో లేదో కూడా అప్పుడే తెలుసుకోండి. మురుగు పైపులైను లేని చోట సెప్టిక్ ట్యాంక్ కట్టాలి కాబట్టి నేల నీటిని ఎంత త్వరగా ఇంకించుకుంటుందో గొయ్యి తీసి, నీళ్లు పోసి కొలిపించాలి. బంకమన్నులో ఇంకకపోతే ఖర్చు బాగా పెరుగుతుంది. వాన జోరుగా పడ్డ మర్నాడు ఒకసారి వెళ్లి రండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో మీకే కనిపిస్తుంది.

పొలం ఆకారం గురించి ఎవరూ అడగరు, మీరు అడగండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, అయిదు ఎకరాలు అంటే రెండు హెక్టార్లకు కాస్త ఎక్కువ. ఆ అయిదూ చదరంగా ఉంటే ఒక్కో వైపు 467 అడుగులు, చుట్టూ కంచె దాదాపు 1,870 అడుగులు. అదే విస్తీర్ణం 100 అడుగుల వెడల్పుతో పొడుగాటి పట్టీలా ఉంటే పొడవు 2,178 అడుగులు, కంచె 4,556 అడుగులు. అదే పొలానికి రెండున్నర రెట్ల కంచె! సర్వేయర్‌ని పిలిచి, హద్దురాళ్ల వెంట ఆయనతో పాటు మీరూ నడవండి. పక్కవాళ్లు కూడా అక్కడ ఉంటే ఇంకా మంచిది.

కాగితాల పని లాయరుకి అప్పగించండి, తక్కువ ఖర్చు చూసుకోవద్దు. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి వరుసగా చేతులు మారిన దస్తావేజులు, తెగకుండా ఉన్నాయా, వారసులందరూ సంతకం పెడుతున్నారా, తాకట్టు ఉందా, కౌలుదారు ఉన్నారా, పైనుంచి హైటెన్షన్ లైనుగానీ కిందనుంచి పైపులైనుగానీ పోతోందా, భూమి అడుగున ఖనిజాల మీద హక్కు ఎవరిది, ఇవన్నీ ఆయన రాతపూర్వకంగా చెప్పాలి.

నేనైతే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల చదువుల డబ్బు పక్కన పెట్టమంటాను. రిటైర్మెంట్ కోసం దాచింది ముట్టుకోవద్దు. ఆ తర్వాత మిగిలినదాంట్లో మూడో వంతు దాటకుండా వచ్చే భూమి చూడండి. అది రోడ్డు పక్కన ఎకరమే కావచ్చు. చిన్న ఇంటికి, కొన్ని చెట్లకి ఎకరం చాలా ఎక్కువ.

ఈ పొలమే కావాలని మనసు పడితే, అమ్మేవాళ్లకి ఒక షరతు పెట్టండి. పక్క రైతు నుంచి తగినంత వెడల్పున దారి హక్కు రిజిస్టర్ చేయించి ఇవ్వాలి. అది జరగకపోయినా, నీళ్లు చాలకపోయినా, ఇంటికి అనుమతి రాకపోయినా అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించండి. దానికి ఒప్పుకుంటే, కాలేజీ ఫీజుల అంచనా, లోన్ వాయిదా మొత్తం రెండూ నాకు పంపండి. లోన్ ఎంతకి తగ్గిస్తే మీకు టెన్షన్ లేకుండా ఉంటుందో లెక్క వేసి చెబుతాను.