కుండని మెచ్చుకున్న అత్త రాసేది

ఏలూరు
శుక్రవారం రాత్రి

కోడలు పిల్లా,

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. ముందు మామిడికాయల సంగతి, తర్వాత తన మోకాలి సంగతి అంతా చెప్పి, పెట్టేసే ముందు "అన్నట్టు అక్కా, నీ మేనకోడలికి నీ జబ్బే పట్టుకుంది" అన్నాడు. ఏ జబ్బురా అని కంగారుపడ్డాను. షుగరా, బీపీయా? కాదట. ఇంట్లో చూసిన సినిమాల మీద ఆదివారం ఆదివారం నాలుగు మాటలు రాసి నలుగురికీ పంపుతావట. పెద్ద రివ్యూలేం కాదు, ఊరికే అనిపించింది రాస్తానన్నావట.

విని మురిసిపోయాను. మీ మామయ్య ఫోటో దగ్గరికెళ్లి చెప్పాను కూడా. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. "ఊరికే అనిపించింది" అన్న మాటే చెవిలో తిరుగుతోంది. నేనూ ఊరికే అనిపించిందే రాశాను మరి. అందుకే ఫోన్లో చెబితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు తేలిగ్గా అయిపోయేవి చెప్పేస్తాను. సినిమా చివరిదాకా చూడు. పేర్లు తప్పు రాయకు. ముగింపు బయటపెట్టకు. అన్నం తింటూ చూస్తే చూడు గానీ, వండుతూ చూసి రాయకు. డబ్బింగ్ సినిమాలో గొంతు బాగాలేదని నటుణ్ణి తిట్టకు, ఆ గొంతు అతనిది కాదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, నువ్వు సినిమాని పరిగెత్తిస్తావు. ఒకటిన్నర రెట్ల స్పీడట! మనుషులు పిచ్చుకల్లా మాట్లాడుతున్నారు. ఒక ముసలాయన కొడుకు ఉత్తరం చదివి కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు, నీ స్పీడులో ఆయన కళ్లజోడు విసిరేసినట్టు ఉంది. పైగా ఒక చేతిలో ఫోను. అలా చూసి "ల్యాగ్ ఉంది" అని రాశావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను. టైం లేకపోతే చూడకు, తప్పులేదు. చూడకపోతే రాయకు, అంతే.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు ఇది.

1987 వేసవి. నేను హైస్కూల్లో తెలుగు చెబుతూ, మన ఊరి వారపత్రిక ఒకదానికి సినిమా కాలమ్ రాసేదాన్ని. పావు పేజీ. డబ్బులు ఇస్తామనేవాళ్లు, ఎక్కువగా పేపరే ఇచ్చేవాళ్లు. హాలుకి వెళ్లి రాయడం మొదట్లో. తర్వాత వీడియోలు వచ్చాయి. వీధిలో నాలుగు ఇళ్లవాళ్లం చందాలు వేసుకుని వీసీపీ, అంటే టీవీకి తగిలించి క్యాసెట్ ఆడించే పెట్టె, అద్దెకి తెచ్చేవాళ్లం. షాపు కుర్రాడు దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు సైకిల్ మీద తెచ్చేవాడు. అద్దె రోజుకి కాబట్టి ఆ రాత్రి ఎన్ని చూడగలిగితే అన్ని. పిల్లలంతా వరండాలో చాపల మీద, మగాళ్లు మెట్ల మీద, మేం గుమ్మంలో. మీ నాన్న రెండో సినిమాకే గురకపెట్టేవాడు.

ఆ రాత్రి మూడో క్యాసెట్ ఒక కుటుంబ కథ. పేరు చెప్పను. రాత్రి రెండు అయ్యుంటుంది. సగం మంది పడుకున్నారు. అందులో తల్లీకూతుళ్లు పోట్లాడుకున్న తర్వాత సీను ఒకటి. టీవీలో నాకు కనిపించింది ఏమిటంటే, మధ్యలో నీళ్ల కుండ, దాని మీద మూత, ఎడమపక్క ఒక ముక్కు కొస, కుడిపక్క కొంచెం చీర చెంగు. రెండు నిమిషాల సేపు అదే. ఎవరూ మాట్లాడరు. నాకు నవ్వొచ్చింది. పక్కింటి పిన్నిగారు కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే పొద్దున్నే కాలమ్ రాసేశాను.

"ఈ సినిమాలో అందరికంటే సహజంగా నటించింది నీళ్ల కుండ. మిగతావాళ్లు గోడ చాటున నటించారు. కెమెరామన్‌గారికి దాహం వేసి ఉంటుంది" అని.

అబ్బో, ఏం పేరొచ్చిందే! స్టాఫ్‌రూంలో చదివి వినిపించుకున్నారు. బస్టాండు దగ్గర టీకొట్టు వాడు "కుండ టీచరుగారు" అనడం మొదలెట్టాడు. నేను నిజంగా కెమెరాలో తప్పు పట్టగలిగినంత గొప్పదాన్ని అనుకున్నాను. అలా ఓ నెల గడిచింది.

తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివే పిల్ల తండ్రి ఒకాయన సినిమా హాల్లో ఆపరేటరు. ఒకరోజు స్కూలు గేటు దగ్గర సైకిల్ దిగి నిలబడ్డాడు. పిల్ల మార్కుల కోసమేమో అనుకున్నాను. "టీచరుగారూ, ఆ కుండ సినిమా ఆదివారం మార్నింగ్ షో మళ్లీ వేస్తున్నాం. వీలైతే ఒక్కసారి రండి" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

వెళ్లాను. టికెట్ కొనబోతే వద్దని పైకి తీసుకెళ్లాడు. ప్రొజెక్టర్ గది నువ్వు చూడలేదు, ఇప్పుడు అంతా కంప్యూటరే అంటున్నారు. అప్పుడు రెండు మిషన్లు, లోపల కార్బన్ కడ్డీలు మండుతుంటే వెల్డింగ్ షాపులో ఉన్నట్టు వెలుగు, వేడి, ఒక రకం వాసన. ఒక రీలు అయిపోయేలోపు రెండో మిషను సిద్ధం చేసుకోవాలి. ఆ పనిలో ఉంటూనే, తెగిపోయిన ఫిల్ము ముక్క ఒకటి నా చేతిలో పెట్టి వెలుతురుకి ఎత్తి చూడమన్నాడు. చూస్తే అందులో మనుషులు అగరొత్తుల్లా ఉన్నారు, సన్నగా, పొడుగ్గా. "సినిమాస్కోప్ అండీ. ఫిల్ము మీద నొక్కిపెట్టి తీస్తారు. ఈ లెన్సు వెడల్పుకి రెండింతలు చేసి తెర మీద వేస్తుంది" అన్నాడు. తెలుగులో మొదటి స్కోప్ సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు అని నాకూ తెలుసు. ఎంత పెద్ద తెరో అని నోరు తెరుచుకుని చూసిన దాన్నే. కానీ పెద్దగా ఉందనుకున్నానే తప్ప, ఆ వెడల్పు టీవీలోకి ఎలా దూరుతుందని ఏనాడూ ఆలోచించలేదు.

ఆయనే చెప్పాడు. తెర మీద బొమ్మ వెడల్పు ఎత్తుకి రెండుంపావు రెట్ల పైమాటే. మన పాత టీవీది ఒకటింపావు చిల్లర. బొమ్మ ఎత్తు తగ్గించి పైనా కిందా నలుపు వదిలితే అంతా పడుతుంది. కానీ జనం ఆ నలుపు చూసి క్యాసెట్ బాగాలేదంటారని, రెండు పక్కలా కోసేసి మధ్య ముక్క నింపేస్తారు. "రూపాయి బొమ్మలో ఏడణాలు గోడ మింగేసిందండీ టీచరుగారూ" అన్నాడు.

ఆ సీను వచ్చింది. గోడకున్న చిన్న కన్నంలోంచి చూశాను. ఎడమ చివర తల్లి, గుమ్మానికి ఆనుకుని. కుడి చివర కూతురు, నేల మీద కూర్చుని. ఇద్దరికీ దాహం వేసేలా ఏడ్చి ఉన్నారు. మధ్యలో కుండ. ముందు ఎవరు లేస్తే వాళ్లు ఓడిపోయినట్టు. రెండు నిమిషాలూ ఇద్దరూ ఆ కుండ వైపు చూడకుండా చూస్తున్నారు. చివరికి తల్లి లేస్తుంది. గ్లాసు ముంచి, తను తాగకుండా, కూతురి పక్కన పెట్టి వెళ్లిపోతుంది. క్యాసెట్లో నాకు కనిపించింది కుండలోకి ముంచిన చెయ్యి మాత్రమే.

కెమెరామన్‌కి దాహం వేసిందని రాసిన మనిషిని నేను.

సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు, సోడా తెప్పించాడు. ఆ రాత్రే కూర్చుని తప్పు ఒప్పుకుంటూ పావు పేజీ నిండా రాసుకెళ్లాను. ఎడిటరుగారు "పాత సినిమా గురించి ఇంత ఎవరికి కావాలమ్మా" అని రెండు లైన్లకి కోసి కళ్యాణ మండపం ప్రకటన కింద వేశారు. వాళ్లూ టీవీలాగే రెండు పక్కలా కోశారు. ఎవరూ చదవలేదు. కుండ జోకు మాత్రం చావలేదే! నా రిటైర్మెంటు సభలో కూడా హెడ్మాస్టరుగారు మైకులో అదే చెప్పి నవ్వించారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఇదంతా పాత టీవీల గొడవ, నాకేంటి అంటావు. కోయడం తగ్గింది, నిజమే. నీ టీవీ ఇంకో రకంగా మోసం చేస్తుంది. సినిమా సెకనుకి 24 బొమ్మలతో తీస్తారు. ఈ కొత్త టీవీలు మధ్యలో లేని బొమ్మలు తామే పుట్టించి నున్నగా చేస్తాయి, సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, సెట్టింగ్స్‌లో వెతికి ఆపెయ్. మా వీధి కుర్రాడు ఆపి చూపించేదాకా నాకూ తెలీదు. అలాగే మాటలు వినపడక, పాట రాగానే ఇల్లు అదిరితే వెంటనే మ్యూజిక్ డైరెక్టర్ని తిట్టకు. హాల్లో మాటలు మధ్య స్పీకర్లోంచి విడిగా వస్తాయి, నీ టీవీకి ఉన్నవి రెండు బుల్లి స్పీకర్లు. ఇయర్‌ఫోన్స్‌తో ఆ సీను ఒకసారి విని చూడు.

నిడివి కూడా చూసుకో. మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనిపిస్తే అక్కడ ఆపి చదువు. పాత సినిమాలకి మీటర్లలో ఉంటుంది, నిమిషానికి సుమారు 27 మీటర్లు లెక్కేసుకో. అక్కడున్న దానికీ నువ్వు చూసినదానికీ తేడా వస్తే, "నేను చూసింది ఇంత" అని ముందే రాసెయ్. మాయాబజార్ చూశావనుకో, 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన నలుపు తెలుపు బొమ్మ చూశావా, 2010లో రంగులద్దింది చూశావా? వెన్నెల గురించి రాసేటప్పుడు అది చెప్పకపోతే ఎలా?

బాగాలేదని రాయొద్దని కాదు. బాగాలేకపోతే బాగాలేదనే రాయి. శంకరాభరణం 1980లో వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీగానే ఉండేవి. పెద్ద పెద్ద రాతలు కాదు, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్న మాటలే దాన్ని నిలబెట్టాయి. నీ నాలుగు మాటలూ ఆ అరుగు మాటలే కదా. అందుకే నాకింత భయం. జోకు తట్టినప్పుడు మరీ భయం. బాగా పేలే జోకు రాశావనుకో, ఆ సీను ఇంకోసారి చూశాకే పంపు.

ఇంకోటి ఉంది, చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచీ తేల్చుకోలేకపోతున్నాను. కాలమ్ రాయడం మొదలెట్టాక నాకు సినిమాలో ఏడుపు రావడం మానేసింది. పక్కన కాగితం, చేతిలో పెన్ను. కన్నీళ్లు వచ్చే చోటికి రాగానే "ఇక్కడ బాగుంది" అని రాసుకునేదాన్ని. ఒకసారి మీ మామయ్య విసుక్కున్నారు, "నీ పెన్ను గీతలకి నాకు కూడా ఏడుపు రావట్లేదే" అని. ఆయన సినిమాకి వెళ్లేదే ఏడవడానికి. జేబులో రెండు రుమాళ్లు, ఒకటి నాకు. మూడేళ్లు ఆ రెండో రుమాలు మడత విప్పలేదు నేను. ఆయన పోయాక బీరువాలో అలాగే దొరికింది. కాబట్టి నువ్వు మొదటిసారి చూసేటప్పుడు కాగితం పెట్టుకోకు తల్లీ. ఏడుపొస్తే ఏడు. రాసుకునేవి మర్నాడు గుర్తొస్తే రాసుకో, గుర్తు రాకపోతే పోనీ.

ఆదివారం ఏం చూస్తావో శనివారం ఫోన్ చేసి చెప్పు. నేనూ ఇక్కడ అదే పెట్టుకుంటాను. రాత్రి పది దాటితే నాకు కళ్లు నిలవవు, కాబట్టి సాయంత్రం పెట్టు, మధ్యలో పదిహేను నిమిషాలు ఇంటర్వెల్ ఇవ్వాలి. మీ నాన్నని కూడా కూర్చోబెట్టు, నిద్రపోతే పోనీ.

కవరు చింపేటప్పుడు జాగ్రత్త. లోపల ఆపరేటరుగారిచ్చిన ఫిల్ము ముక్క ఉంది, నాలుగు ఫ్రేములు. కిటికీ దగ్గర పట్టుకుని చూడు. రంగు కొంచెం ఎర్రబడింది గానీ, సన్నగా పుల్లలా నిలబడింది చూడు, ఆవిడే తల్లి.

నీ అత్త