స్టెంట్ వేశాక టాబ్లెట్లు ఆపి తెల్లమద్ది కషాయం ఇవ్వొచ్చా?

మీ నాన్నగారికి ఒంగోలులో స్టెంట్ వేశారనీ, తెల్లమద్ది బెరడు, పసుపులోని పదార్థాలు ఆక్సిజన్ అందని గుండె కణాలను కాపాడతాయని చదివాననీ రాశారు. టాబ్లెట్లు మాత్రం ఆపొద్దండీ, ముఖ్యంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. డాక్టరు చెప్పకుండా మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాజెక్టుకు చెన్నైలో నేను చేసింది ఇలాంటి పనే. ఎలుక పిండం గుండె నుంచి తీసిన కణాలను ప్లాస్టిక్ డిష్‌లో పెంచి, గ్లూకోజ్ లేకుండా, నైట్రోజన్ నింపిన డబ్బాలో కొన్ని గంటలు ఉంచుతాం. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే, డిష్‌కు అతుక్కుని బారుగా ఉండాల్సినవి గుండ్రంగా ముడుచుకుని, ఊడి తేలుతుంటాయి. ఆక్సిజన్ తిరిగి అందగానే ఇంకో దెబ్బ. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఒక్కసారిగా పుడతాయి, కణంలో కాల్షియం పేరుకుపోతుంది. ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ ముందే కలిపిన డిష్‌లలో ఊడిపోయిన కణాలు బాగా తక్కువ.

ముందే కలిపాం, అదీ నేరుగా కణాల మీద. అసలు తేడా అక్కడే ఉంది. తాగిన కషాయం పేగునూ కాలేయాన్నీ దాటి రక్తంలో కలిసేది కొంచెమే. రక్తనాళం మూసుకుపోయాక ఆ కొంచెం కూడా అవతల ఉన్న కణాల దాకా పోదు.

మనుషుల మీదా చూశారు. 2012లో వచ్చిన థాయ్‌లాండ్ అధ్యయనంలో బైపాస్ చేయించుకునే 121 మందిలో కొందరికి ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు నుంచే రోజుకు 4 గ్రాముల పసుపు సారం ఇచ్చారు. ఆస్పత్రిలో ఉండగా గుండెపోటు అది ఇవ్వనివాళ్లలో 30 శాతం మందికి వస్తే, ఇచ్చినవాళ్లలో 13 శాతం మందికే వచ్చింది. ఆపరేషన్‌కైతే తేదీ ఉంటుంది, గుండెపోటుకు ఉండదు కదా! పైగా 2018లో కెనడాలో పొట్టలోని పెద్ద ధమనికి ఆపరేషన్ జరిగిన 606 మందిలో కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) మేలు చేయకపోగా, తీసుకున్నవాళ్లలో కిడ్నీ దెబ్బతినడం ఎక్కువైంది. అందుకే క్యాప్సూల్ రూపంలో పసుపంటే నాకు భయం. కూరలో వేసుకునే పసుపుకు ఏ ఇబ్బందీ లేదు.

కావలిలో మా నాయనకు ఛాతీలో మంట మొదలైతే గ్యాస్ అనుకుని వాము నమిలి కూర్చున్నాడు. చెమటలు చూసి అమ్మ వెంటనే 108కి ఫోన్ చేసింది కాబట్టి ఇవాళ మాతో ఉన్నాడు. తర్వాత బంధువొకాయన ఉదయగిరి వైపు నుంచి తెల్లమద్ది బెరడు తెచ్చిస్తే, పొయ్యి మీద పెట్టకముందే కార్డియాలజిస్టుకు చూపించాం. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడుతున్నాడు కాబట్టి వద్దన్నారు.

మీరూ ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు బెరడైనా, క్యాప్సూల్ సీసా అయినా వెంట తీసుకెళ్లి చూపించండి. ఈలోపు నొప్పి వస్తే కషాయం కాచే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.