మంత్రిగారిని ఏమడగాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన రెండు కాయితాలూ అందాయి. గ్రంథాలయ వారోత్సవాల సభలో మంత్రిగారితో ముఖాముఖి నడిపే పని నీకు అప్పగించారంటే మీ లైబ్రేరియన్ గారికి నీ మీద గురి కుదిరినట్టే. ఒక కాయితం మీద సరదా ప్రశ్నలు, ఇంకోదాని మీద గంభీరమైనవి రాసి, వీటిలో ఏవి అడగమంటారని అడిగావు. మీకిష్టమైన కూర ఏది, మీ అభిమాన హీరో ఎవరు, ఇంట్లో మీ మాట చెల్లుతుందా అని మొదటిదాంట్లో. సమాజంలో విలువలు పడిపోవడంపై మీ అభిప్రాయమేమిటి, నేటి యువతకు మీ సందేశమేమిటి అని రెండోదాంట్లో.

నిష్ఠూరంగా ఉన్నా చెప్పేస్తున్నానమ్మా, ఆ రెండు కాయితాలూ ఒకటే. గుత్తివంకాయ అని చెప్పినా, విలువలు పడిపోతున్నాయని వాపోయినా ఆయనకి పైసా ఖర్చు లేదు. ఆ మాటకొస్తే రెండో కాయితమే ఎక్కువ చేటు. ఆయన మైకు పుచ్చుకుని అరగంట ఉపన్యాసం దంచుతారు, నువ్వేమో పెద్ద ప్రశ్న వేశానని సంతోషపడతావు.

ప్రశ్న నవ్వుతూ అడిగామా, ముఖం బిగించి అడిగామా అన్నది నేను పట్టించుకోను. జవాబు చెప్పడానికి అవతలి మనిషి కాస్తయినా తడుముకోవాలా? తప్పు చెబితే సభలో ఎవరైనా పట్టుకోగలరా? ఈ రెండూ చూసుకుంటాను.

ఒకప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ సంగతే చూడు. 2012 ఏప్రిల్‌లో సొంత పార్టీ ఎంపీ ఒకావిడ ఆయన్నీ ఆర్థికమంత్రినీ కలిపి పాల ధర కూడా తెలియని డబ్బున్న కుర్రాళ్ళని దులిపేసింది. మరుసటేడు అక్టోబరులో లండన్ రేడియోలో ఒకాయన చౌక రకం బ్రెడ్డు ఎంత ఉంటుందని కామెరాన్‌ని అడిగాడు. పౌండు పైమాటేనన్నాడు ప్రధాని. షాపుల్లో అప్పుడది 47 పెన్సులు, పౌండులో సగం కూడా కాదు. తమ ఇంట్లో బ్రెడ్డు చేసే మిషను ఉందని కూడా చెప్పుకొచ్చాడు. ప్రశ్న పిల్లలాటలా ఉంది, కానీ సంక్షేమం గురించి ఎంత పెద్ద ప్రశ్న వేసినా ఆయన నోటినుంచి ఆ మిషను బయటికి వచ్చేది కాదు.

అంతకన్నా సాదా ప్రశ్న ఇంకొకటుంది. 1979లో అమెరికాలో ఎడ్వర్డ్ కెనెడీ సొంత పార్టీ అధ్యక్షుడైన కార్టర్ మీద పోటీకి దిగబోతున్నాడు. సీబీఎస్ టీవీలో రోజర్ మడ్ ఆయన్ని అడిగిందల్లా, అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారని. ఎన్నికల్లో నిలబడే ఏ మనిషైనా అద్దం ముందు వందసార్లు చెప్పుకుని ఉండాల్సిన జవాబు. కెనెడీ తడబడ్డాడు, మాటలు ఒకదానికొకటి అతకలేదు. నవంబరు 4న అది ప్రసారమైంది, మూడు రోజులకే ఆయన పోటీ ప్రకటించాడు, మరుసటేడు ఓడిపోయాడు. ఓటమికి ఆ ఒక్క ప్రశ్నే కారణమని నేననను. కానీ ఆ ఎన్నికల గురించి ఎవరు రాసినా దాన్ని తలుచుకోకుండా దాటిపోరు.

సరదా ప్రశ్నలన్నీ ఇలాగే పనికొస్తాయని అనుకోకు. 2009 అక్టోబరులో అప్పటి బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌ని ఒక వెబ్‌సైట్‌లో తల్లులంతా కలిసి మీకే బిస్కెట్టు ఇష్టమని అడిగారు. ఆయన చెప్పలేదు, మళ్ళీ మళ్ళీ అడిగినా చెప్పలేదు. కాస్త చాక్లెట్ ఉన్నదేదైనా సరేనన్న జవాబు మర్నాటికి గానీ రాలేదు. అప్పటికే పత్రికలు బిస్కెట్టు విషయంలోనే నిర్ణయం తీసుకోలేని ప్రధాని అని ఆడేసుకున్నాయి. ఆ రోజు ఆయన మిగతా విషయాల మీద ఏం చెప్పాడో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఇది మాత్రం మనసులో పెట్టుకో: సభలో ఒక్క సరదా ప్రశ్న ఉన్నా మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వచ్చేది అదే. గుత్తివంకాయ ఫొటోతో సహా వస్తుంది.

ఇక మన దేశానికొద్దాం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మూడో విడత పోలింగ్ ఏప్రిల్ 23న అయింది. తెల్లారి అక్షయ్ కుమార్ ప్రధాని మోదీతో చేసిన ఇంటర్వ్యూ వచ్చింది, రాజకీయాల్లేని ఇంటర్వ్యూ అన్న పేరుతో. అందులో మీరు మామిడిపళ్ళు తింటారా, ఎలా తింటారని అడిగాడు. అందరూ ఆ ప్రశ్న చూసి నవ్వుకున్నారు. నువ్వు జవాబు చూడు. మామిడిపళ్ళు కొనుక్కునే స్తోమత లేని చిన్నతనం, పొలాల్లోకి వెళ్ళి చెట్టు మీద పండినవి తిన్న రోజులు. పేదింటి బిడ్డ కథ. ఇంకా నాలుగు విడతల పోలింగ్ మిగిలున్న వేళ, ఎదురు ప్రశ్న లేకుండా, సినిమా హీరో ఎదురుగా కూర్చుని వింటుండగా ఆ కథ చెప్పే వీలు దొరికింది. రాజకీయం లేని ప్రశ్నకి అంతకు మించిన రాజకీయ జవాబు నేను చూడలేదు. ఆయన జవాబు చెప్పడాన్ని నేను తప్పుపట్టను. ఎన్నికల్లో ఉన్న మనిషికి ఖాళీ మైదానం ఇస్తే ఆడకుండా ఎందుకుంటాడు?

మన తెలుగులో దీనికి తిరగేసిన ముచ్చట ఒకటుంది. 2022 అక్టోబరులో బాలకృష్ణ ఆహా ఓటీటీలో చేసిన టాక్ షోకి చంద్రబాబు, లోకేశ్ వచ్చారు. నవ్వులు, పాత ముచ్చట్లు, బావా బావమరుదుల పరాచికాలు. మధ్యలో 1995 ఆగస్టు గురించి వచ్చింది. ఎన్టీఆర్‌ని దించిన ఆ నెల మీద తెలుగువాళ్ళు ఇన్నేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నారు. అంతకన్నా బరువైన ప్రశ్న మన రాజకీయాల్లో మరొకటి లేదు. మామగారి కాళ్ళు పట్టుకుని బతిమాలానని చంద్రబాబు చెప్పుకొచ్చారు. అడిగినాయన ఎవరు? చంద్రబాబుకి బావమరిది, వియ్యంకుడు, ఆ పార్టీ ఎమ్మెల్యే. పైగా ఆ రోజుల్లో తానూ బావగారి వైపే నిలబడ్డవాడు. జవాబు చెప్పేవాళ్ళూ అడిగేవాళ్ళూ అప్పట్లో ఒకే శిబిరం. మరి జవాబు విన్నాక వెయ్యాల్సిన రెండో ప్రశ్న, ఎన్టీఆర్ వైపు నిలబడి అడగాల్సిన ప్రశ్న, ఎవరు వేస్తారు? కార్యక్రమం బాగుంది, నేను కదలకుండా చూశాను. బరువైన విషయమే అయినా అక్కడ దాని బరువు ఎవరి మీదా పడలేదు.

అందుకే అసలు ప్రశ్న రెండోది. మన పార్లమెంటు పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు. లోక్‌సభలో రోజుకి ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలోనే జవాబు చెప్పాల్సినవి, జాబితాలో పెడతారు, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రి శాఖవాళ్ళు రాసిచ్చిన జవాబు బల్ల మీద పెట్టేస్తాడు. అందులో తప్పు దొర్లడం అరుదు. సభ్యులు లేచి వేసే అనుబంధ ప్రశ్నకి మాత్రం కాయితం ఉండదు. మంత్రికి తన శాఖ సంగతి తెలుసో లేదో అక్కడ బయటపడుతుంది. నీ ముఖాముఖిలో మొదటి ప్రశ్నకి ఆయన పీఏ జవాబు తయారుచేసి ఉంటాడు, పేచీ లేదు, చెప్పనీ. రెండోదానికి నువ్వు సిద్ధంగా ఉండు.

మామూలు మనిషి రెండో ప్రశ్న ఎలా వేస్తాడో చూడాలంటే 1983 మే నెల బీబీసీ కార్యక్రమం ఒకటి వెతికి చూడు. అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ జనం ప్రశ్నలకి జవాబులిస్తోంది. ఒక ఊరి టీచరమ్మ, డయానా గౌల్డ్ అని, ఫాక్‌లాండ్స్ దీవుల కోసం జరిగిన యుద్ధంలో బ్రిటన్ ముంచిన అర్జెంటీనా నౌక బెల్గ్రానో గురించి అడిగింది. దాని మునకలో 323 మంది చనిపోయారు. దీవులకి దూరంగా వెళ్ళిపోతున్న నౌకని ఎందుకు ముంచారంది. వెళ్ళిపోవడం లేదంది థాచర్. గౌల్డ్ గొంతు పెంచలేదు, తిట్టలేదు, నౌక ఏ దిక్కుగా పోతోందో డిగ్రీల్లో చెప్పింది. ప్రధాని ఎంత దబాయించినా అదే అంకె దగ్గర నిలబడింది. సభల్లో ఆవేశంతో ఊగిపోయే మన కుర్రాళ్ళకి ఆ కొద్ది నిమిషాలూ చూపించాలనిపిస్తుంది.

అదే ప్రశ్నని తిరగేసి తిరగేసి అడగడం కూడా ఒక పద్ధతే. 1997లో బీబీసీ యాంకర్ జెరెమీ పాక్స్‌మన్ బ్రిటన్ మాజీ హోంమంత్రి మైకేల్ హోవర్డ్‌ని ఒకే ప్రశ్న పన్నెండుసార్లు అడిగాడని జర్నలిజం విద్యార్థులు నోరు తెరిచి చెప్పుకుంటారు. తరువాతి అంశం వీడియో అందక కాలక్షేపానికి అలా సాగదీశానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. నువ్వు పన్నెండుసార్లు అడగక్కర్లేదు, లైబ్రరీ సభ అది. రెండుసార్లు చాలు. మొదటిసారి దాటేశారని జనానికి తెలియడానికే రెండోసారి.

ఆయన నవ్వులాటలోకి దింపితే ఏం చెయ్యాలన్న సంగతి నువ్వు అడగలేదు, కానీ అదే జరగబోయేది. మనవాళ్ళలో చాలామందికి వాక్చాతుర్యం దండిగా ఉంటుంది. ఏ పేపరమ్మా నీది, ఎవరు రాసిచ్చారు, మీ నాన్నగారు నాకు తెలుసులే అని ఒక విసురు విసురుతారు. సభ గొల్లుమంటుంది, ప్రశ్న ఆ నవ్వుల్లో కొట్టుకుపోతుంది. నువ్వూ నవ్వు. నవ్వు తగ్గాక అదే ప్రశ్న అవే మాటల్లో మళ్ళీ చదువు. కొత్త మాటలు వెతుక్కున్నావంటే జారిపోయావన్నమాట. ఆయన మీద నువ్వు చమత్కారం విసరాలనుకుంటే ఆయన చేసిన పనుల మీద విసురు. ఆకారం, యాస, కులం, ఇంటివాళ్ళ జోలికి పోకు.

ఇంట్లో మీ మాట చెల్లుతుందా అన్న ప్రశ్న కొట్టెయ్యి. వచ్చేది మహిళా మంత్రి అయితే వంటెవరు చేస్తారు, ఈ చీర ఎక్కడ కొన్నారు అని అడిగేవాళ్ళు మనకింకా ఉన్నారు. మగ మంత్రిని అడగని ప్రశ్న ఆడ మంత్రిని అడగకూడదు, అంతే. 2022లో న్యూజిలాండ్, ఫిన్లాండ్ మహిళా ప్రధానులు కలిస్తే మీ ఇద్దరిదీ ఒకే ఈడు కాబట్టే కలిశారా అని ఒక విలేఖరి అడిగాడు. ఒబామానీ మా మాజీ ప్రధాని జాన్ కీనీ ఎవరైనా ఇలా అడిగారా అని తిరిగి కొట్టింది న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెన్.

ఇక నీ సభ. లైబ్రరీలో జరుగుతోంది కదా, ప్రశ్నలు అక్కడి బీరువాల మధ్యే ఉన్నాయి. మొదట నవ్వుతూనే అడుగు: ఈ లైబ్రరీలో మీకు సభ్యత్వం ఉందాండీ? ఉంటే రిజిస్టరు పక్కనే ఉంది, లేదంటే ఆయనే నవ్వుతూ ఇప్పుడే తీసుకుంటానంటారు. తీసుకోనీ, ఫొటో రానీ. వెంటనే రెండోది. 1960 గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అది స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. మన మున్సిపాలిటీ నిరుడు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది? ఇంతే అడుగు. దీనికి ముందు పీఠిక వద్దు, మీలాంటి పెద్దలు అనే మర్యాదలు వద్దు, రెండు ప్రశ్నలు కలిపి ఒకటి చెయ్యకు. కలిపితే సులువైనదానికి జవాబు చెప్పి రెండోది మరిచిపోతారు. తెలియదంటే, ఎప్పటిలోగా తెలుసుకుని చెబుతారని తేదీ అడుగు.

ఆ అంకెలు నీ దగ్గర ముందే ఉండాలి. వారోత్సవాలు నవంబరు 14న మొదలవుతాయి, ఇప్పుడింకా అక్టోబరు మొదటి వారమే. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులు రెండు పెట్టు, ఒకటి మున్సిపల్ ఆఫీసులో, ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థలో. రెండు చోట్లా ఒకే అంకె రావాలి. రాకపోతే ఆ తేడానే నీ మూడో ప్రశ్న. రేపు సోమవారమే వెళ్ళు, రసీదు తీసుకోవడం మరిచిపోకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి