ఇంట్లో నడిచిన ప్రోగ్రాం ల్యాబ్‌లో ఎందుకు ఆగింది?

ప్రశ్న: సర్, హన్మకొండలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడు వైపుల కొలతలు ఇస్తే పొలం ఎన్ని గుంటలో చెప్పే ప్రోగ్రాం సీలో రాశాను. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో మింగ్‌డబ్ల్యూ అనే సీ కంపైలర్‌తో బాగా నడుస్తోంది. కాలేజీ ల్యాబ్‌లోని ఉబుంటు లినక్స్‌లో మాత్రం ముందు నా ‘కొలతలు’ హెడర్ ఫైల్ దొరకలేదంది. ఫైల్ కళ్లెదుటే ఉంది! అందులోది కాపీ చేసి ప్రోగ్రాంలోనే పెట్టేస్తే, ఇప్పుడు ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ’ అంటోంది. అది వర్గమూలం కట్టే ఫంక్షన్. దాని హెడర్ మ్యాథ్ డాట్ హెచ్ పెట్టాను కూడా. విచిత్రం, వర్గమూలానికి నేరుగా 2 ఇస్తే నడుస్తోంది, వేరియబుల్ ఇస్తే ఆగుతోంది. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి

జవాబు: ముందు నిన్ను తిట్టింది ఎవరో చూడు తమ్ముడూ. కింద ‘ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’ అని ఉండే ఉంటుంది. ఎల్‌డీ అంటే లింకర్, కంపైలర్ తయారుచేసిన కోడ్‌ను లైబ్రరీలతో కలిపి నడిచే ప్రోగ్రాంగా చేసేది. కంపైలర్ తన పని ముగించి పక్కకు తప్పుకుందన్నమాట. ఇక హెడర్లు ఎంత తిరగేసినా లాభం లేదు. మ్యాథ్ డాట్ హెచ్‌లో ఉండేది ఆ ఫంక్షన్ పేరు, అది ఏం తీసుకుని ఏం ఇస్తుందనే ప్రకటన, అంతే. పెళ్లిపత్రికలో సన్నాయి మేళమని అచ్చేయిస్తే సరిపోతుందా, మేళగాళ్లకు బయానా ఇచ్చి రావద్దూ? అసలు కోడ్ లినక్స్‌లో లిబ్‌ఎమ్ అనే వేరే లైబ్రరీలో ఉంటుంది. ల్యాబ్‌లో నువ్వు వాడే కంపైలర్ జీసీసీ, సీ ప్రోగ్రాంకు దాన్ని తనంతట తాను కలపదు. కమాండ్‌లో ‘మైనస్ ఎల్ఎమ్’ అని నువ్వే చెప్పాలి. మింగ్‌డబ్ల్యూ అడగకుండానే కలిపే లైబ్రరీల్లో ఈ గణితం కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో నీకు తెలియలేదు.

ఆ మాట కమాండ్ చివరే పెట్టు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ఉబుంటులో ఫైల్ పేరుకు ముందే పెట్టావంటే, అప్పటికి ఆ లైబ్రరీతో ఎవరికీ పని పడలేదని వదిలేసి ముందుకెళ్తుంది. మళ్లీ అదే తిట్టు.

2 ఇస్తే నడవడంలో విచిత్రమేమీ లేదు. వర్గమూలాన్ని జీసీసీ కంపైల్ చేసేటప్పుడే లెక్కగట్టి జవాబును కోడ్‌లో పెట్టేస్తుంది. ఫంక్షన్‌ను పిలవనే పిలవదు, లింకర్‌కు వెతికే పనే ఉండదు. నమ్మకం కుదరకపోతే రెండు ప్రోగ్రాంలనూ ‘మైనస్ సీ’తో ఆబ్జెక్ట్ ఫైళ్లు (లింకర్ దాకా పోని కోడ్) చేసి, వాటిలోని పేర్లు చూపించే ‘ఎన్ఎమ్’ కమాండ్ ఇచ్చి చూడు. వేరియబుల్ ఉన్నదాంట్లో ఎస్‌క్యూఆర్‌టీ ముందు ‘యూ’ అక్షరం ఉంటుంది, అంటే బయటి నుంచి రావాలని. రెండోదాంట్లో ఆ పేరే కనిపించదు.

హెడర్ గొడవ కంపైలర్‌ది. ఫైల్ పేరులో ఎక్కడో పెద్దక్షరం ఉండి, ఇన్‌క్లూడ్‌లో చిన్నది రాసి ఉంటావు. విండోస్ మామూలుగా ఆ తేడా పట్టించుకోదు, ఉబుంటు పట్టుకుంటుంది. కాపీ చేసి పెట్టింది తీసేసి, పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చు.

అన్నట్టు, గుంటకు 121 చదరపు గజాలు కదా, ఇంటిజర్‌ను ఇంటిజర్‌తో భాగించావంటే మిగిలిన గజాలు ఎగిరిపోతాయి. దానికి కంపైలరూ లింకరూ కిక్కురుమనవు. రివ్యూలో పొలమున్న సార్ ఎవరైనా కూర్చుంటే మాత్రం ముందు అక్కడే పట్టుకుంటారు.