తాతగారి వాచీ పనిముట్లు అమ్మకండి, బంగారం పనికీ వాడకండి

తాతగారి చెక్కపెట్టెలో వాచీ రిపేరు సామాను దొరికిందని, మీది బంగారం పని కాబట్టి అందులో వాడుకోవచ్చా, లేక అమ్మేయాలా అని అడిగారు. పాత ఇనుము కింద తూకానికి మాత్రం వేయకండి. బంగారం పనికీ వాడకండి, ఈ రెండో తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

మాది రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం, వరంగల్‌లో మూడో తరం. మా దాదాజీ వచ్చిన కొత్తలో బంగారం కొట్టు పెట్టే స్తోమత లేక చౌరస్తా దగ్గర ఒక బట్టల కొట్టు అరుగు మీద చిన్న బల్ల వేసుకుని వాచీలు బాగుచేసేవారు. కొన్నేళ్లకు వెండి, తర్వాత కాస్త బంగారం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే, 1963లో, బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి 14 క్యారెట్లకు మించిన నగ కొత్తగా చేయొద్దన్నారు. మన దగ్గర 14 క్యారెట్ల పుస్తెలు ఎవరు చేయించుకుంటారు? ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ వాచీ బల్లే అని మా దాదీ చివరిదాకా చెప్పేది.

దాదాజీ పోయాక అందులోంచి సన్న మొన ట్వీజర్ తీసి ముక్కుపుడకలో రాయి కూర్చడానికి వాడాను, బాగానే పట్టింది. ఇంకోరోజు టార్చ్ మంట దగ్గర అతుకు పెడుతూ దాంతోనే పట్టుకున్నాను. మొన నీలంగా తిరిగింది, గట్టి ఉక్కు కాస్తా మెత్తబడింది, ఆ తర్వాత ఆ రెండు కొనలు మళ్లీ సరిగ్గా కలవలేదు. నలభై ఏళ్లు ఆయన వేళ్లలో ఉన్న వస్తువది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరు ముందు చేయాల్సింది అయస్కాంతం పరీక్ష. ట్వీజర్‌తో, స్క్రూడ్రైవర్‌తో ఒక స్టేప్లర్ పిన్నును తాకించండి, అంటుకుని పైకి లేస్తే వాటికి అయస్కాంతం ఎక్కినట్టే. అలాంటి పనిముట్టుతో వాచీ ముడితే హెయిర్ స్ప్రింగ్‌కు, అంటే వాచీ నడకను అదుపులో ఉంచే వెంట్రుకలాంటి చుట్ట స్ప్రింగుకు కూడా ఎక్కి దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాచీ విపరీతంగా ముందుకు పరిగెడుతుంది. ఆ అయస్కాంతం తీసేసే డీమాగ్నెటైజర్ పెద్ద ఖరీదేం కాదు, కొనండి. తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్దొద్దు, నూనె గుడ్డతో తుడవండి చాలు. చెక్క డబ్బాలో వరుసగా గుచ్చిన పంచ్‌లు, వాటిని నిలబెట్టే చిన్న ఇనుప స్టాండు ఉంటే అది స్టేకింగ్ సెట్, వాచీ చిన్న భాగాలను కొట్టి బిగించే సామాను, ఒక్క ముక్క కూడా విడదీయకండి. పాత ముళ్లు, డయల్స్ మీద పసుపుపచ్చగా మారిన మెరిసే రంగు ఉంటే గీకకండి, అది రేడియం కావచ్చు, ఆ పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం.

నేర్చుకోవాలనుంటే హెచ్‌ఎంటీ జనతాతో మొదలుపెట్టండి. చావి ఇచ్చే వాచీ, లోపల గజిబిజి తక్కువ. 17 జువెల్స్ అని రాసి ఉందని దాన్ని మా కొట్టుకు తెచ్చి ఆ రాళ్లకు ఎంత ఇస్తారని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి కృత్రిమ కెంపులు, అమ్మితే ఏమీ రాదు. కానీ ఆ వాచీ గంటకు 18,000 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది, వెంట్రుకంత ఇరుసు అన్నిసార్లు ఊగినా అరగకుండా కాపాడేది ఆ కెంపులే.

బల్ల మాత్రం వేరే పెట్టుకోండి, ఆకురాయి పొడి, వెలిగారం రేణువులు అందులో పడితే వాచీ ఆగిపోతుంది. పనిముట్ల మీద ఏ పేరు, ఏ నంబరు చెక్కి ఉందో రాయండి, ఏది దేనికో నాకు తెలిసినంత వరకు చెప్తాను.