కుక్కపిల్లను తెచ్చుకునే ముందు పుట్టుకతో వచ్చే లోపాలు ఎలా చూసుకోవాలి?

45 రోజుల లాబ్రడార్ మగపిల్లను తెచ్చుకుంటున్నామని, లోపాలేమైనా ఉంటే ఎలా తెలుస్తుందని అడిగారు. ముందు ఇంకో రెండు వారాలు ఆగండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ వయసుకు పిల్ల అన్నం తింటుంది, పరుగెడుతుంది కాబట్టి చాలా లోపాలు కంటికి కనిపిస్తాయి.

డబ్బులిచ్చే ముందు మీ ఎదుటే తినిపించమని అడగండి. మా చెల్లి తెచ్చుకున్న పిల్ల చూడ్డానికి ముద్దుగా, బొద్దుగా ఉండేది. పాలన్నం పెడితే తుమ్మేది, ముక్కు కొసన మెతుకు కనిపించేది. అమ్మినాయన్ని అడిగితే "ఆత్రంగా తింటోందమ్మా, అంతే" అన్నాడు. తీరా డాక్టర్ నోరు తెరిచి టార్చి వేస్తే, అంగిలి వెనక మెత్తటి భాగంలో చీలిక ఉంది. పెదవి మామూలుగానే ఉంది కాబట్టి పైకి ఏమీ తెలియలేదు. అప్పటికే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా మొదలైంది. అది తగ్గి, పిల్ల కాస్త పెరిగాక ఆపరేషన్ చేశారు. ఇప్పుడు హాయిగా తిరుగుతోంది కానీ, ఆ పసిప్రాణం పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే నోరు తెరిచి లోపలిదాకా చూడమని అందరికీ చెబుతుంటాను.

తర్వాత బొడ్డు తడిమి చూడండి. మా లాబ్రడార్‌కి అక్కడ ఉసిరికాయంత మెత్తటి ఉబ్బు ఉండేది, వేలితో నొక్కితే లోపలికి పోయేది. అది హెర్నియా, అంటే బొడ్డు దగ్గర కండరంలో సందు మూసుకోక లోపలిది బయటికి ఉబ్బడం. చిన్నదైతే ఆరు నెలల్లోపు తనంతట తానే మూసుకుపోవచ్చు, లేదంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే కుట్టేస్తారు. ఉబ్బు గట్టిపడి, ముట్టుకుంటే ఏడుస్తూ వాంతులు చేసుకుంటే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి.

మగపిల్ల కాబట్టి రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూడండి. రెండు నెలలకు దిగుతాయి. ఆరు నెలలకూ దిగకపోతే తీయించడమే మంచిది, లోపలే ఉండిపోతే పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ.

గుండె సంగతి మనకు తెలియదు, స్టెతస్కోప్ పెట్టాల్సిందే. డాక్టర్ 'మర్మర్' (గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం) అంటే వెంటనే టెన్షన్ పడకండి. చిన్న శబ్దం నాలుగైదు నెలలకు పోతుంటుంది. ఛాతీ మీద చెయ్యి పెడితే జుయ్‌మని అదురుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా గుండె స్కాన్ చేయించండి.

లాబ్రడార్లకు తుంటి కీలు సమస్య ఎక్కువ. ఈ వయసులో అది పట్టుకోలేం, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమని అడగండి. చూపించనంటే నేనైతే ఆ పిల్లను తీసుకోను. డాక్టర్ చూసి లోపం ఉందంటే ఏం చేస్తారో కూడా అమ్మేవాళ్లతో ముందే కాగితం మీద రాయించుకోండి.