ఫైళ్లు, ఫోల్డర్ల లినక్స్ కమాండ్లు ఏ వరసలో నేర్చుకోవాలి?

పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నానని, టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో, ఏ కమాండ్లతో మొదలుపెట్టాలని అడిగారు. పీడబ్ల్యూడీ, ఎల్ఎస్, సీడీ. ఎక్కడున్నారో, అక్కడ ఏమున్నాయో, పక్కకెలా వెళ్లాలో ఈ మూడూ చెబుతాయి. ఎన్నిసార్లు కొట్టినా ఏదీ చెడదు. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. దారి తప్పితే ఉత్త సీడీ కొట్టండి, మీ సొంత ఫోల్డర్‌కి వచ్చేస్తారు.

ఆ తర్వాత సీపీ, ఎంవీ. సీపీతో ఫోల్డర్‌ని నకలు తీయాలంటే -ఆర్ తప్పనిసరి. ఎంవీతో పేరు మార్చేటప్పుడు ఆ పేరున్న ఫైలు ముందే ఉంటే అడక్కుండా దాన్ని చెరిపేసి కూర్చుంటుంది. -ఐ చేర్చండి, అడుగుతుంది.

ఆర్ఎం అన్నిటికన్నా ఆఖర్న. అది తీసేసింది ట్రాష్‌లోకి పోదు, పోయిందంటే పోయినట్టే. ఒక చోట "బరంపురం" అని ఒక ఫోల్డరు, "బరంపురం పాతవి" అని ఇంకోటి ఉన్నాయనుకోండి. పాతవి తీసేద్దామని ఆర్ఎం -ఆర్ బరంపురం పాతవి అని కొట్టారు. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి షెల్‌కి, అంటే మీరు కొట్టింది చదివి నడిపే ప్రోగ్రాముకి, అవి రెండు పేర్లు. "పాతవి" అనే ఫోల్డరు లేదని తెర మీద ఒక లైను వస్తుంది. అది చూసి కమాండ్ పనిచేయలేదనుకుంటారు. అసలు "బరంపురం" అప్పటికే మాయమైపోయింది! పాతవి మాత్రం భద్రంగా ఉన్నాయి.

అందుకని ముందు ఎల్ఎస్ -డి పెట్టి అవే పేర్లు కొట్టి చూడండి. కావాల్సిందొక్కటే కనిపిస్తే పై బాణం మీట నొక్కి, ఎల్ఎస్ -డి చోట ఆర్ఎం -ఆర్ పెట్టండి. పేరుని కోట్స్‌లో పెట్టాలి. లేదా మొదటి అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే, అలా మొదలయ్యే పేరు ఇంకోటి లేకపోతే, ఖాళీ ముందు బ్యాక్‌స్లాష్ అదే పెట్టుకుంటుంది. ల్యాబుల్లో కమాండ్ల పూర్తి పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ ఈ ట్యాబ్ మీట సంగతి చెప్పరు. నా దృష్టిలో అది పెద్ద లోపం.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఒకే ఊరికి బరంపురం అని ఒకరు, బ్రహ్మపూర్ అని ఒకరు, ఒడియా లిపిలో ఇంకొకరు ఫోల్డర్లు పెడతారు. లినక్స్‌కి అవి మూడూ వేరు. పేర్లు పెట్టే పద్ధతి ఒక్కటే ఖాయం చేసుకోండి, ఖాళీ బదులు అండర్‌స్కోర్ వాడండి. తెలుగులో పేరు పెట్టొచ్చు, కాకపోతే పొడుగు పేర్లు వద్దు. మామూలుగా ఒక పేరుకి 255 బైట్లే హద్దు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు. "పర్లాకిమిడి" అన్న మాటకే 33 అయిపోతాయి.